ఇంకా అవన్నీ ఎందుకమ్మా?

నాకు హెచ్‌ఐవీ ఉంది. 2019 చివర్లో మొదటిసారి వైరల్ లోడ్ పరీక్ష చేశారు, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసేది. అంతకుముందు పదమూడేళ్లూ రోగాన్ని తట్టుకునే కణాల లెక్క చెప్పే సీడీ ఫోర్ అంకే మా జాతకం, అది పెరిగితే పండగ, తగ్గితే ఆ పూట అన్నం దిగదు. రిపోర్టు కోసం మాకు మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్తే కాగితం చేతిలో పెట్టారు. ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని ఇంగ్లీషులో ఉంది. దీనర్థం ఏంటండీ అనడిగాను. కౌన్సిలర్ అమ్మాయి రిజిస్టర్లోంచి తలెత్తకుండానే, ‘మంచిదేనమ్మా, మందులు బాగా పనిచేస్తున్నాయి, అలాగే వాడుకోండి’ అంది. నా వెనక ఇంకో నలభై మంది ఉన్నారు, ఆ పిల్లని తప్పుపట్టలేను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తెచ్చి బీరువాలో చీరల కింద దాచాను. మరుసటి ఏడాది ఇంకో కాగితం ఇచ్చారు, అందులోనూ అదే మాట. దాన్నీ తెచ్చి అక్కడే పెట్టాను.

2021లో ఒక రాత్రి మాకు కండోమ్ చిరిగింది.

మాకు అంటే నాకూ ఆయనకీ. ఆయన నా భర్త కాదు, భర్త 2005లోనే పోయాడు. ఈయన భార్య పోయిన మనిషి, ఏసీలు బాగుచేస్తాడు. నాకు హెచ్‌ఐవీ ఉందని చెప్పిన రోజు టీ సగం తాగి లేచిపోయి, రెండు వారాలు ఫోన్ ఎత్తకుండా, ఆ తర్వాత జామకాయలు పట్టుకుని మళ్లీ వచ్చాడు. ఆయనకి లేదు. ఇంతకుమించి తన గురించి రాయకూడదని నా దగ్గర మాట తీసుకున్నాడు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

ఆ రాత్రి నేను బాత్రూంలో బకెట్ బోర్లించుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. ఒక మనిషిని చంపేశాననే అనుకున్నాను. పొద్దున్నే ఆయన పరీక్షకి వెళ్లాడు, నెల తర్వాత మళ్లీ వెళ్లాడు, మూడు నెలలకి ఇంకోసారి. మూడుసార్లూ నెగటివే. ఆ మూడు నెలల్లో నేను ఆయన చెయ్యి పట్టుకోలేదు, ఆయన నా గ్లాసులో నీళ్లు తాగినా నాకు దడగా ఉండేది, గ్లాసుతో రాదని ఇరవై మందికి చెప్పిన దాన్ని నేనే అయ్యుండి. ఇంతా జరుగుతుంటే ఆ రెండు కాగితాలూ చీరల కిందే ఉన్నాయి. నీ నుంచి ఆయనకి రాదు, ఏడవకుండా వెళ్లి పడుకో అని వాటిలో రాసుందని నాకు తెలియదు.

తెలిసింది మరుసటి ఏడాది. విజయవాడలో పాజిటివ్ ఆడవాళ్ల మీటింగ్ జరిగితే చెన్నై నుంచి ఒకావిడ వచ్చింది. వచ్చీరాని తెలుగు. మైకు పట్టుకుని, ‘మీరు మాత్ర రోజూ తింటే, మీ లోడ్ కనపడకపోతే, మీ మొగుడికి రాదు, రాదు, రాదు’ అని మూడుసార్లు అంది. హాలంతా ఒక్క నిమిషం చప్పుడు లేదు. వెనక వరసలో ఎవరో గట్టిగా నవ్వారు. నా పక్కనున్న నెల్లూరు ఆవిడ లేచి బయటికి పోయింది, పోయి మెట్ల మీద కూర్చుని తిట్టడం మొదలుపెట్టింది. ఎవర్నని అడిగితే ‘అందర్నీ’ అంది. ఆవిడ మొగుడు తొమ్మిదేళ్లుగా హాల్లో పడుకుంటున్నాడట.

నా గొడవ అదే. ఈ సంగతి రహస్యమేమీ కాదు, నిన్నమొన్నటిదీ కాదు. 2008లోనే స్విట్జర్లాండ్ డాక్టర్లు బయటికి చెప్పారు, మందులు సరిగ్గా వాడుతూ రక్తంలో వైరస్ కనపడని వాళ్ల నుంచి కలయిక ద్వారా అంటుకోదని. అప్పుడు ప్రపంచమంతా వాళ్లమీద విరుచుకుపడింది. 2011లో పెద్ద అధ్యయనం ఫలితం వచ్చింది. తొమ్మిది దేశాల్లో 1,763 జంటలు, ఒకరికి ఉంది, ఇంకొకరికి లేదు. ముందుగా మందులు మొదలుపెట్టిన వాళ్ల నుంచి భాగస్వామికి అంటుకోవడం 96 శాతం తగ్గింది. ఆ జంటల్లో మన చెన్నైవాళ్లు ఉన్నారు, పుణెవాళ్లు ఉన్నారు. 2016లో యూరప్ నుంచి ఇంకొకటి వచ్చింది. వైరస్ అణిగి ఉన్న భాగస్వామితో కండోమ్ లేకుండా సుమారు 58 వేల సార్లు కలిశారు, భాగస్వామి నుంచి అంటుకున్నది సున్నా. 2019లో మగ జంటల మీద ఇంకా పెద్ద లెక్క తీశారు, 76 వేల సార్లు, మళ్లీ సున్నా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇదే మాట తేటగా రాసిపెట్టింది. ఇంగ్లీషులో దీన్ని యూ ఈక్వల్స్ యూ అంటారు. మా ఊళ్లో ఆ మాట నోరు తిరగక మేం ‘కనపడకపోతే అంటదు’ అనుకుంటున్నాం. మరి చెన్నై జంటలు తమ మంచం సంగతులన్నీ చెప్పి తేల్చిన విషయం, అక్కడినుంచి ఒక రాత్రి రైలు దూరంలో ఉన్న గోదావరి జిల్లాకి రావడానికి పదకొండేళ్లు ఎందుకు పట్టింది?

ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగాను. ఒక డాక్టరుగారు నిజాయితీగా చెప్పారు, ‘చెబితే కండోమ్ మానేస్తారమ్మా’ అని. ఇంకొకరు, ‘మనవాళ్లకి అంత అర్థం కాదు’ అన్నారు. మనవాళ్లంటే ఎవరో మరి. పొద్దున ఎనిమిదికి ఒకటి, పాలిస్తుంటే ఇది, టీబీ మందు వాడుతుంటే అది అని రెండు మూడు రకాల మాత్రలు ఇరవై ఏళ్లుగా తప్పకుండా మింగుతున్న మనుషులు. బస్సులో డబ్బా గలగలమంటే పక్కవాళ్లు అడుగుతారని అందులో దూది కుక్కుకునే మనుషులు. లేబుల్ చింపేసి బీపీ మాత్రలని అత్తగారికి చెప్పి, పెళ్లిళ్లకెళ్తే మాత్ర కొంగున కట్టుకెళ్లే మనుషులు. వీళ్లకి ఒక్క వాక్యం అర్థం కాదట!

డాక్టరుగారి భయాన్ని మాత్రం కొట్టిపారెయ్యను. అందులో నిజం ఉంది. కండోమ్ మానేస్తే సిఫిలిస్ రావచ్చు, గనేరియా రావచ్చు, వద్దనుకున్న గర్భం రావచ్చు. వైరల్ లోడ్ మాకు అంతా బాగుంటే ఏడాదికి ఒకసారే తీస్తారు, ఈ మధ్యలో మందులు ఎగ్గొట్టినవాడు పాత కాగితం చూపించి ‘నాకు లేదు’ అంటే ప్రమాదమే. మందులు మొదలుపెట్టిన నెలకే ఇది వర్తించదు, లోడ్ అణగాలి, అణిగే ఉండాలి. తల్లిపాలకి ఇదే హామీ ఇవ్వలేరు, సూదులు పంచుకోవడానికి అసలే వర్తించదు. ఇవన్నీ చెప్పండి. నేను ఇక్కడ నాలుగు వాక్యాల్లో చెప్పాను కదా, కౌన్సిలింగ్ గదిలో ఎంతసేపు పడుతుంది? సగం చెబితే జనం తప్పుగా వాడతారని మొత్తం దాచెయ్యడం ఏం వైద్యమో నాకు తెలియదు. పైగా దాచినందువల్ల మందులకే నష్టం. రోజూ మాత్ర ఎందుకు మింగాలి అంటే ఇప్పటిదాకా మాకు చెప్పిన కారణం ఒక్కటే, లేకపోతే చస్తావని. ఇరవై ఏళ్లు చావు భయంతో మాత్ర మింగడం ఎంత విసుగో మింగినవాళ్లకి తెలుస్తుంది. ఈ మాత్ర వల్ల నువ్వు భయం లేకుండా నీ మనిషి పక్కన పడుకోవచ్చు అని చెప్పుంటే, మా వీధి చివర కుర్రాడు మధ్యలో ఎనిమిది నెలలు మందులు ఆపేసేవాడు కాదని నా నమ్మకం.

అసలు కారణం కండోమ్ కాదని నాకు అనిపిస్తుంది. 2006లో, మందులు మొదలుపెట్టిన కొత్తలో, నాకు ఇరవయ్యేడేళ్లు. అప్పుడు ఒక పెద్దావిడ కౌన్సిలర్‌గా ఉండేది, మంచి మనిషి, నా కొడుక్కి స్కూలు ఫీజు తన జేబులోంచి కట్టింది కూడా. ఒకరోజు ధైర్యం చేసి, మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా అండీ అనడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని జాలిగా, ‘ఇంకా అవన్నీ ఎందుకమ్మా, బాబుని చూసుకుని బతుకు’ అంది. ఆవిడ ముఖంలో కోపం లేదు, అసహ్యం లేదు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. అసహ్యించుకునే వాళ్లతో పోట్లాడొచ్చు, జాలిపడే వాళ్లకి తలూపి రావడం తప్ప ఏం చేస్తాం.

కానీ ఒళ్లు ఆవిడ మాట వినలేదు. రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తాను. 2005లో నా బరువు ముప్పై ఒకటి. నెలసరి ఆగిపోయింది, జుట్టు ఊడిపోయింది, మా అమ్మ నాకు తెలియకుండా తెల్లచీర కొని పెట్టుకుంది. మందులు పడ్డాక ముందు ఆకలి వచ్చింది. ఉప్పుచేప వేయించుకుని అర్ధరాత్రి లేచి తిన్నాను. నిద్ర వచ్చింది, ఆర్నెల్లకి నెలసరి వచ్చింది, దాని వెనకే కోరికా వచ్చింది. ఏ పాటో వింటుంటే, తడిబట్టలు ఆరేస్తుంటే, ఉన్నట్టుండి. బతికొచ్చిన ఒంటికి అదొక గుర్తు అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాకేదో బుద్ధి చెడిందనుకుని శనివారాలు ఉపవాసాలు ఉన్నాను.

అప్పట్లో ఇచ్చిన మందుల్లో స్టావుడిన్ అని ఒకటుండేది. అది ప్రాణం నిలబెట్టి మొహం పట్టుకుపోయింది. బుగ్గలు పీక్కుపోయి, చేతుల మీద నరాలు తాళ్లలా తేలి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. బస్టాండులో ఒకళ్ల మొహం చూసి ఒకళ్లం గుర్తుపట్టేవాళ్లం, మాట్లాడుకోకుండా తల తిప్పేసుకునేవాళ్లం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే దాన్ని వదిలించుకోమంది గానీ మా చేతుల్లోంచి పూర్తిగా పోవడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఇప్పుడిచ్చే మాత్ర రోజుకొకటి, డొలుటెగ్రావిర్ కలిపింది, హాయిగా ఉంటుంది, కాకపోతే కొందరికి ఒళ్లు వస్తోంది. (నాకు వచ్చింది. జాకెట్లన్నీ విప్పి కుట్టించాను. ఫిర్యాదు లేదు.) కానీ పీక్కుపోయిన బుగ్గలు మందు మార్చినంత తేలిగ్గా తిరిగి రాలేదు. ఈయన మొదటిసారి నా చెంప మీద చెయ్యి వేసినప్పుడు నేను విదిలించేశాను. నన్ను ముట్టుకోవద్దని కాదు, ఆ గుంట ఆయన చేతికి తెలుస్తుందని. ఇలాంటివి రాసుకోవడానికి ఏ ఫారంలోనూ గడి ఉండదు.

మా వయసువాళ్ల బుర్రల్లో ఇదంతా ఎలా ఎక్కిందో కూడా చెప్పాలి. 2003 ప్రాంతంలో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని ఊరూరా హోర్డింగులు పెట్టారు, గుర్తుందా. పులిరాజా ఎవరో తెలియక జనం టీ కొట్ల దగ్గర వాదించుకున్నారు. మా ఆయన బస్సులోంచి అది చూసి నవ్వి నాకు చూపించాడు, నేనూ నవ్వాను. అప్పటికే మా ఇద్దరి ఒంట్లో అది ఉంది. తెలివైన ప్రచారమే, కాదనను, దానివల్ల ఆ మాట నలుగురిలో పలకడానికి జనం జంకు వదిలారు. కానీ పులిరాజాకు వస్తుందా అని అడిగినవాళ్లు, వచ్చాక అతను చావకుండా ఇరవై ఏళ్లు బతికితే ఎలా బతకాలో, ఇంట్లో ఉన్న అతని పెళ్లాం సంగతేంటో ఏ కూడలిలోనూ బోర్డు పెట్టలేదు. కోరిక వల్ల వచ్చింది కాబట్టి కోరికే శిక్ష అనుభవించాలన్నట్టు. నాకైతే ఏ కోరిక వల్ల వచ్చింది? తాళి కట్టించుకుంటే వచ్చింది.

కోర్టులు కూడా ఒకప్పుడు అలాగే మాట్లాడాయి. 1998లో సుప్రీంకోర్టు ఒక కేసులో, హెచ్‌ఐవీ ఉన్న మనిషికి పెళ్లి చేసుకునే హక్కు జబ్బు నయమయ్యేదాకా నిలిచిపోయి ఉంటుందని రాసింది. నయమయ్యే జబ్బు కాదు కాబట్టి అంటే ఎప్పటికీ లేనట్టే. 2002లో అదే కోర్టు, ఆ మాటలు ఆ కేసుకి అనవసరమని పక్కన పెట్టింది. 2017లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ మీద చట్టమే వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. అందులో పదో సెక్షన్ చదివించుకున్నాను. మమ్మల్ని దూరంగా ఉండమని ఎక్కడా లేదు. ఇంకొకరికి అంటకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలంది, ప్రమాదం తగ్గించే పద్ధతులు పాటించడం గానీ, కలయికకి ముందే విషయం చెప్పడం గానీ ఆ జాగ్రత్తల్లో ఉండొచ్చంది. చెబితే కొడతారు, వదిలేస్తారు అని గట్టి భయం ఉన్న ఆడదానికి మినహాయింపు కూడా ఇచ్చింది. అంటే ఢిల్లీలో చట్టం రాసినవాళ్లు కూడా మేం కలుస్తామని ఒప్పుకున్నారు, జిల్లాలో కౌన్సిలింగ్ గది మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

దీనివల్ల ఒంటికి జరిగే నష్టం వేరే ఉంది. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు ఆరు రెట్లు. ఇరవై అయిదేళ్లనుంచే, మూడేళ్లకో అయిదేళ్లకో ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. నన్ను ఆ పరీక్షకి పంపడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా, పద్నాలుగు. వితంతువు కాబట్టి కింద ఏమీ ఉండదనుకున్నారు కాబోలు. అప్పుడు కూడా నేనే అడిగితే పంపారు. ఒక గైనకాలజీ గదిలో నా ఏఆర్‌టీ పుస్తకం చూడగానే డాక్టరమ్మ రెండు జతల గ్లౌజులు వేసుకుని, అన్నీ అయ్యాక, ‘భర్త లేడంటున్నావు, మరి మంటేంటి?’ అంది. పొడిబారి మంట, జెల్లీ రాసుకుంటే తగ్గే సంగతి. ఆ ఒక్కమాట ఆవిడ చెప్పలేదు, మెడికల్ షాపు అమ్మాయి చెప్పింది.

మగవాళ్ల గతి ఇంకా దారుణం. వాళ్లకి సుఖరోగాలకి సురక్ష క్లినిక్ ఉంది, తెల్ల కిట్టు, ఎర్ర కిట్టు, నల్ల కిట్టు అని రంగురంగుల మందుల పొట్లాలు ఉన్నాయి. కానీ ‘లేవడం లేదండీ’ అని చెప్పుకోవడానికి చోటు లేదు. చెబితే, ఇంకా బుద్ధి రాలేదా అన్నట్టు చూస్తారు. దిగులుకి, షుగరుకి, ఇంకొకరికి అంటిస్తానన్న భయానికి మగతనం ముడుచుకుపోవడం మామూలే, దానికి వైద్యం ఉంది. అడగలేక రైల్వే గేటు దగ్గర గోడ మీద ‘గుప్తరోగాలు’ అన్న నంబరుకి ఫోన్ చేస్తారు, లేకపోతే మందుల షాపులో వయాగ్రా అనే ఆ నీలం మాత్ర కొనుక్కుంటారు. మొదటి మందులు పనిచేయనివాళ్లకి ఇచ్చే రెండో దశ మందుల్లో రిటోనావిర్ అని ఉంటుంది, అది వాడేవాళ్లకి ఆ నీలం మాత్ర రక్తంలో ఎన్నో రెట్లు పేరుకుపోతుంది, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు అడిగుంటే మోతాదు తగ్గించి ఇచ్చేవాడు. అడగడు. వీడికి అవసరం ఉండదని ఆయన నమ్మకం, ఉందని చెప్పడానికి వీడికి సిగ్గు.

పుట్టుకతోనే వచ్చిన పిల్లలు ఇప్పుడు ఇరవైలు దాటారు. వాళ్లని చూస్తే నాకు భయం, సంతోషం రెండూ. హాస్టల్లో పెరిగిన ఒక పిల్ల నాతో అంది, ‘ఆంటీ, మాకు మందులు ఎలా వేసుకోవాలో నేర్పారు, అబ్బాయిలతో మాట్లాడొద్దని నేర్పారు, అంతే’ అని. ఇప్పుడు తనని ఒక అబ్బాయి ఇష్టపడుతున్నాడు, అతనికి చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి, మొదటి రోజా, పదో రోజా? నా దగ్గర సూత్రం లేదు. నేను చెప్పిన పద్ధతి చెప్పాను, టీ తాగేటప్పుడు, పగలు, బయట, లేచిపోవడానికి అతనికి దారి ఉన్నచోట, నీ వెనక ఒక స్నేహితురాలు ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నప్పుడు. లోడ్ కాగితం ఫోటో ఫోన్లో పెట్టుకో అన్నాను. తర్వాత నాకే అనిపించింది, ఇదేమన్నా క్యారెక్టర్ సర్టిఫికెట్టా అని.

ఆ అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. ‘కనపడకపోతే అంటదు’ అన్నది కొత్త కులం కాకూడదు. మందు ఒంటికి పడక, రెండో దశకి వెళ్లి, ఇంకా లోడ్ అణగని మనుషులు ఉన్నారు, మొన్ననే పరీక్ష చేయించుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకి కోరిక ఉండదా? కండోమ్ ఉంది, హెచ్‌ఐవీ లేనివాళ్లు ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్ర ఉంది, కలయిక అంటే ఒకే పద్ధతి అని ఎవరు చెప్పారు, చేతులున్నాయి, మాటలున్నాయి. కాగితం బాగున్నవాళ్లకి మాత్రమే మంచం అంటే, ఆ పాత పెద్దావిడ మాటే మళ్లీ అన్నట్టు.

ఆంధ్రలో మూడు లక్షలకు పైగా, తెలంగాణలో లక్షన్నర దాకా ఉన్నాం. మందులు ఉచితంగా ఇస్తున్నారు, పింఛను ఇస్తున్నారు, నేను ఊరికే గొణగడం లేదు, ఆ మందులు లేకపోతే ఈ గొణుగుడుకే నేను లేను. నేనడిగేది చిన్న పని. కాగితం ఇచ్చేటప్పుడు దాని మీద తెలుగులో ఒక వాక్యం అచ్చేసి ఇవ్వండి. ఆ వాక్యం చదివి వినిపించండి, భార్యాభర్తలు ఇద్దరుంటే ఇద్దరికీ.

నిజం చెప్పాలంటే కాగితం చదివాక కూడా నా ఒళ్లు చాలాకాలం నమ్మలేదు. తల ఒప్పుకుంది, చేతులు ఒప్పుకోలేదు. ఆయన తుమ్మితే నెల రోజులు లెక్కపెట్టుకున్నాను. ఇప్పటికీ మేం కండోమ్ వాడుతున్నాం, అయిపోయిన రోజు మాత్రం ఎవరం బాత్రూంలో కూర్చోవడం లేదు.

మొన్న మందుల రోజు బెంచీ మీద నా పక్కన ఒకావిడ కూర్చుంది, అరవై దాటి ఉంటాయి, నుదుట పావలా కాసంత బొట్టు. నేనూ ఇంకో అమ్మాయీ లోడ్ సంగతి మాట్లాడుకుంటుంటే వింటూ ఉంది. ఆ అమ్మాయి లేచి వెళ్లాక నా వైపు జరిగి, ‘అమ్మాయ్, నీ కాగితంలో ఉన్నమాట నా దాంట్లో ఉందేమో చూడవా’ అని సంచిలోంచి పుస్తకం తీసింది. ఆయనకి లేదట, తనకి ఉందని తెలిసిన రోజునుంచీ వేరే మంచమట. రెండు ఊళ్లలో పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు కూడా వేరే గదులు తీసుకున్నారట. వరసగా మూడేళ్ల కాగితాలున్నాయి, మూడింట్లోనూ అదే. చదివాను. మళ్లీ చదవమంది. అర్థం చెప్పాను. కాసేపు కొంగు చివర మెలిపెడుతూ కూర్చుని, ‘నేను చెబితే ఆయన నమ్మడు, కల్పించి చెబుతున్నాననుకుంటాడు’ అంది.

మళ్లీ మందులు తీసుకునే తారీఖు చూశాం. ఇద్దరిదీ ఒకే రోజు పడింది. ఆ రోజు ఆయన్ని కూడా వెంటబెట్టుకు రమ్మన్నాను.